అరగంట దాటితే కష్టమంతా వృథాయేనా?

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్లు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటర్ అయ్యాక బట్టల షాపులో పనిచేస్తూ ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాను. పొద్దున్న నాలుగున్నరకి లేచి ఖాళీ కడుపుతో రోజూ పరుగు, సాయంత్రం షాపు నుంచి పాతపట్నం వెళ్లి వారానికి ఆరు రోజులు జిమ్. బరువు 62 కిలోలు. ఎనిమిది నెలల్లో పెరిగింది ఒక్క కిలో. జిమ్ అయిన అరగంటలోపు ప్రోటీన్ పౌడర్ పాలల్లో కలిపి తాగాలనీ, లేకపోతే చేసిన కష్టమంతా వృథా అయి కండ కరిగిపోతుందనీ కోచ్ అన్నాడు. పాలు ఇంట్లో ఉంటాయి. అందుకని చివరి రెండు సెట్లు వదిలేసి బండి స్పీడుగా తోలుకుంటూ ఇంటికొస్తున్నాను. ఆలస్యమైన రోజు టెన్షన్‌తో నిద్ర పట్టదు. పడుకునేసరికి ఎలాగూ పదకొండవుతుంది. అమ్మ పొద్దున్న చద్దన్నం తినమంటుంది. కడుపు బరువుగా ఉంటుందని నేను టీ, బిస్కెట్లతో సరిపెడతాను. పదింటికి షాపు పక్కన రెండు బరాలు (వడలు), కొంచెం ఘుగుని (బటాణీల కూర). మధ్యాహ్నం అన్నం, దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు), ఏదో వేపుడు. రాత్రి అన్నం తింటే పొట్ట వస్తుందన్నారని మూడు చపాతీలు, కూర. సోమ, గురువారాలు ఇంట్లో గుడ్డు, చేప ఉండవు. పౌడర్ డబ్బా 2,800 రూపాయలు, నెలకొకటి అయిపోతోంది. ఏది ఎప్పుడు తినాలో టైము వేసి చెప్పండి. జిమ్‌లో బలానికని వాడే క్రియాటిన్ పొడి ఎప్పుడు వేసుకోవాలి? ఇంకో మాట. అమ్మ పుట్టిల్లు కవిటి దగ్గర. తాతయ్య కిడ్నీ జబ్బుతో పోయారు. ప్రోటీన్‌తో నాకూ అలా అవుతుందని అమ్మ భయం.

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ బండి నెమ్మదిగా తోలు. పాతపట్నం నుంచి మీ ఇంటికి వచ్చే ఆ కాస్త దూరంలో చీకట్లో లారీకి అడ్డం పడ్డావంటే ర్యాలీ మాట మరిచిపోవాల్సిందే. నువ్వంత తొందరపడాల్సిన గడువు కూడా ఏమీ లేదు.

బరువులెత్తాక కండలో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగం పెరుగుతుంది. ఆ పెరుగుదల అరగంటతో ఆగిపోదు. కనీసం ఒక రోజంతా, కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో రెండు రోజుల దాకా కూడా ఉంటుందని 1990లలోనే కొలిచి చూశారు. ఆ సమయంలో నువ్వు తిన్న ప్రతి ముద్దా లెక్కలోకే వస్తుంది. పైగా జిమ్‌కి ముందు తిన్నది జిమ్‌లో ఉండగా ఇంకా అరుగుతూనే ఉంటుంది. ఐదింటికి గుప్పెడు సెనగలు తిని వెళ్లావనుకో, ఎనిమిదింటికి కూడా వాటి ప్రోటీన్ నీ రక్తంలోకి చేరుతూ ఉంటుంది.

మరి ఈ అరగంట మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1988లో అమెరికాలో సైకిల్ తొక్కేవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. వ్యాయామం అవగానే పిండిపదార్థం తాగించినప్పటికంటే రెండు గంటలు ఆలస్యం చేస్తే కండలో గ్లైకోజెన్, అంటే కండ దాచుకునే ఇంధనం, నిండడం బాగా నెమ్మదించింది. అది నిజమే. కానీ వాళ్లు కొలిచింది ఇంధనం. కండ పెరుగుదలను కాదు. ఆ ఇంధనం కూడా ఒకే రోజు కొద్ది గంటల తేడాతో రెండోసారి గట్టిగా శ్రమపడేవాళ్లకే అంత అర్జెంటు. మిగతావాళ్లకి రోజంతా సరిగ్గా తింటే మర్నాటికి నిండిపోతుంది. ఆ సంగతి ప్రోటీన్‌కి కూడా అంటించి, దాని మీద డబ్బాలు అమ్మి, జిమ్‌ల నిండా ప్రచారం చేసేశారు. తర్వాత 2013లో షోన్‌ఫెల్డ్, అరగాన్, క్రీగర్ అనే ముగ్గురు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ఒక చోట చేర్చి లెక్కగట్టారు. వ్యాయామానికి దగ్గరగా ప్రోటీన్ తీసుకున్నవాళ్లకి మొదట కొంచెం లాభం కనిపించింది. రోజు మొత్తం మీద ఎంత తిన్నారో అది కూడా లెక్కలోకి తెచ్చేసరికి ఆ లాభం కాస్తా మాయమైంది. వాళ్లు పెరిగింది ఎక్కువ తినడం వల్ల, గడియారం వల్ల కాదన్నమాట. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు సాయంత్రం ఆరింటిలోపే దిగాలని ఏ మేస్త్రీ పట్టుబట్టడు, వారం మొత్తానికి లోడు తగ్గితే మాత్రం గోడ లేవదు.

ఈ తొందరలో నువ్వు నిజంగా పోగొట్టుకుంటున్నది ఆ చివరి రెండు సెట్లు. కండకి పెరగమని గట్టిగా చెప్పేవి అవే. పౌడర్ కోసం వాటిని వదిలేసి రావడం చూస్తే నాకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. రేపటి నుంచి పూర్తి చేసే కదులు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బరువులెత్తేవాళ్లకి అది చాలదు. 2018లో 49 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, కిలోకి సుమారు 1.6 గ్రాముల దాకా కండకి లాభం కనిపించింది, ఆ పైన చాలామందిలో పెద్దగా తేడా లేదు. నీ 62 కిలోలకి అది దాదాపు 100 గ్రాములు.

నువ్వు తింటున్నది ఎంతో నీ ఉత్తరం పక్కన పెట్టుకుని లెక్కేశాను. టీ, బిస్కెట్లలో రెండు మూడు గ్రాములు. రెండు బరాలు, ఘుగుని కలిపి ఏడెనిమిది. మధ్యాహ్నం అన్నం, దాల్మా, వేపుడు అంతా కలిపినా పద్దెనిమిది దాటదు. సాయంత్రం పౌడర్ ఒక స్కూపుకి 24, కలిపిన పాలకి ఇంకో ఆరు. రాత్రి మూడు చపాతీలు, కూర కలిపి పదమూడు. మొత్తం 70 గ్రాములు. ముప్పై తక్కువ. పౌడర్ అరగంటలో తాగినా, అర్ధరాత్రి తాగినా ఆ ముప్పై అలాగే ఉంటుంది. మొత్తం తిండి కూడా తక్కువే. రోజూ పరుగెత్తే కుర్రాడివి, రాత్రి అన్నం మానేశావు, బరువు ఎక్కడి నుంచి పెరుగుతుంది?

ఇంకోటి చూడు. రాత్రి తొమ్మిదిన్నరకి తిన్నాక మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నర దాకా నీ కడుపులో పడుతున్నది టీ, బిస్కెట్లు, రెండు బరాలు. పదహారు గంటలు. అందులోనే పొద్దుటి పరుగు కూడా. టైము గురించి నువ్వు నిజంగా కంగారు పడాల్సింది ఇక్కడ. ఖాళీ కడుపుతో కష్టపడ్డాక మాత్రం తిండిని ఎక్కువసేపు వాయిదా వేయకూడదు. వెనక అరుగుతున్నది ఏమీ లేదు కదా. అరగంటే అని కాదు, ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుని తిను. గంటన్నర పట్టినా నష్టం లేదు.

తినేది ఏమిటంటావా, మీ అమ్మ చెప్పిందే. పరుగుకి ముందు తింటే చద్దన్నం బరువే, పరుగయ్యాక బరువెందుకవుతుంది? రాత్రి నానబెట్టిన అన్నం, పెరుగు, ఉల్లిపాయ. ముందుగా ఉప్పేసిన తరవాణి, అంటే ఆ అన్నం నానిన నీళ్లు, ఒక గ్లాసు తాగేయి. చెమటలో పోయిన నీరూ ఉప్పూ రెండూ వెనక్కి వస్తాయి. ఎండాకాలంలో దానికి సాటి వచ్చే డ్రింకు ఏ సీసాలోనూ లేదని నా అభిప్రాయం. అయితే చద్దన్నంలో, చోడి (రాగి) అంబలిలో బలం అంతా ఉందనుకుని అక్కడితో ఆగిపోకు. అంబలి గ్లాసులో పడేది రెండు చెంచాల పిండి. క్యాల్షియం బాగుంటుంది కానీ ప్రోటీన్ రెండు గ్రాములు కూడా రాదు. అందుకని పక్కన మూడు ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకో. పచ్చసొన పారేయకు, గుడ్డు ప్రోటీన్‌లో సగానికి కొంచెం తక్కువ అందులోనే ఉంది. గుడ్డుకి ఆరు గ్రాముల లెక్కన పద్దెనిమిది, అన్నం, పెరుగు కలిపి ఇంకో ఆరు. పొద్దున్న ఎనిమిదికల్లా 24 గ్రాములు జమ.

పరుగుకి ముందు ఒక అరటిపండు పడితే తిను, పడకపోతే వదిలేయి.

పది గంటలకి బరాలు తగ్గించి ఘుగుని ఎక్కువ వేయించుకో. ఆ దొప్పలో నీకు పనికొచ్చేది ఆ బటాణీలే. మధ్యాహ్నం డబ్బాలో వేపుడు బదులు వారంలో మూడు నాలుగు రోజులు మీల్ మేకర్ కూర పెట్టమను. ఎండువి 30 గ్రాములు, అంటే రెండు గుప్పెళ్లు, వేస్తే 15 గ్రాముల ప్రోటీన్. వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండాక వండితే ఆ పచ్చివాసన పోతుంది. మిగతా రోజుల్లో చేప ముక్కలు. దాల్మాలో కూరముక్కలే తేలుతూ పప్పు అడుగున కనపడకుండా ఉంటే మాత్రం అది ప్రోటీన్ కింద లెక్క కాదు, గరిటె అడుగుదాకా వెళ్లాలి.

ఐదింటికి షాపులోనే వేయించిన సెనగలు 50 గ్రాములు, ఒకటో రెండో అరటిపళ్లు. సెనగల్లో పది గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం తిన్నదానికీ జిమ్‌కీ మధ్య ఐదు గంటల ఖాళీ ఉంది, దాన్ని ఇది నింపుతుంది. జిమ్‌లో చివరి సెట్లకి ఓపిక కూడా దీనివల్లే వస్తుంది. ఆ టైములో సమోసా, పకోడీల జోలికి వెళ్లకు, నూనె అరగడానికి చాలాసేపు పడుతుంది, బరువెత్తేటప్పుడు తేన్పులొస్తాయి. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే అంగన్‌వాడీ నుంచి ఛతువా ప్యాకెట్లు వస్తుంటాయి. గోధుమలు, సెనగలు, వేరుసెనగలు వేయించి కొట్టిన పిండి, సాయంత్రానికి బాగుంటుంది. అలాగని పిల్లల ప్యాకెట్ తీసుకెళ్లి నువ్వు తినేయకు. అవే దినుసులు కొని ఇంట్లో పట్టించుకో.

రాత్రి ఇంటికి నింపాదిగా వచ్చి, తొమ్మిదిన్నరకి అన్నం తిను. రాత్రి పూట అన్నానికి పొట్ట పెంచే ప్రత్యేక గుణం ఏదీ లేదు. రోజు మొత్తం మీద ఖర్చయ్యేదాని కంటే బాగా ఎక్కువ తింటే పొట్ట వస్తుంది, నీ సంగతి అందుకు తలకిందులు. రెండు పూటలా కష్టపడేవాడికి మర్నాటి పరుగు ఇంధనం ఆ అన్నంలోంచే రావాలి. గుడ్ల కూరో, చేపల పులుసో, పప్పుతో పాటు ఉండాలి. అక్కడ పాతిక గ్రాములు వచ్చేలా చూసుకో. ఎండుచేపలు ప్రోటీన్‌కి గొప్పవే కానీ ఉప్పు విపరీతం, ఎప్పుడో ఒకసారి చాలు. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు.

ఇలా కలుపుకుంటే పౌడర్ ముట్టకుండానే 95 దాటుతుంది. అలాగని పౌడర్ విషమేమీ కాదు, పాల నుంచి తీసిన తిండే. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండల కోసం పౌడర్ల జోలికి పోవద్దని చెప్పింది. నేను అంత గట్టిగా అనను. కానీ డబ్బాకి ముప్పై స్కూపులనుకుంటే ఒక్కోటి 93 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయల చొప్పున అదే 24 గ్రాములు నాలుగు గుడ్లలో 28 రూపాయలకి వస్తుంది. నీ జీతంలో ఈ తేడా చిన్నది కాదు. సోమ, గురువారాలు గుడ్డు ఉండదన్నావు, ఆ రెండు రోజులు పొద్దున్న పరుగయ్యాక పాలల్లో ఒక స్కూపు కలుపుకో. మధ్యాహ్నం మీల్ మేకర్, రాత్రి పప్పుతో పాటు ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన పన్నీరు). అలా వాడితే ఒక డబ్బా మూడు నెలలకి పైగా వస్తుంది. మార్గశిర గురువారాలకీ, కార్తీకానికీ ఇదే పద్ధతి. పౌడర్ నీళ్లలో కలిపినా అదే ప్రోటీన్, పాలు తప్పనిసరి కాదు. జిమ్‌లోనే తాగాలనిపిస్తే పొడి షేకర్‌లో వేసుకెళ్లి అక్కడ నీళ్లు పోసుకో. తాగగానే కడిగేయడం మాత్రం మరిచిపోకు, మూతపెట్టి బ్యాగులో వదిలేసిన షేకర్ మర్నాడు తెరిస్తే జిమ్ ఖాళీ అవుతుంది.

మీ అమ్మ భయం సంగతికి వస్తాను. ఆవిడని కొట్టిపారేయకు. కిడ్నీలు బాగున్నవాళ్లకి కిలోకి 1.6 గ్రాముల ప్రోటీన్ వల్ల కిడ్నీలు చెడిపోతాయనడానికి ఆధారం లేదు. కానీ కిడ్నీలు ముందే దెబ్బతిని ఉంటే సంగతి వేరు, అప్పుడు ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో, కొబ్బరి, జీడి తోటల పల్లెల్లో ఏళ్ల తరబడి షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. జబ్బు బాగా ముదిరేదాకా ఒంట్లో ఏమీ తెలియదు. నువ్వు పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో కాబట్టి భయపడాల్సిందేమీ ఉండకపోవచ్చు. కానీ తాతయ్య సంగతి తెలిసీ పరీక్ష చేయించకుండా నిన్ను 100 గ్రాములు తినమని పంపను. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, నువ్వడిగిన క్రియాటిన్ పొడి కాదు), మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్), బీపీ. ఈ మూడూ చూపించుకో, పెద్ద ఖర్చు కాదు. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు జిమ్‌కి వెళ్లకు. గట్టి వ్యాయామం తర్వాత క్రియాటినిన్ అంకె కాస్త పైకి కనిపించి అనవసరంగా కంగారు పెడుతుంది. రిపోర్టు వచ్చేదాకా ఇప్పుడు తింటున్నంతే తిను.

క్రియాటిన్ కూడా అంతవరకు మొదలుపెట్టకు. అన్నీ బాగున్నాయని డాక్టర్ చెప్పాక, కావాలనుకుంటే రోజుకి 3 నుంచి 5 గ్రాములు, నీకు గుర్తుండే ఏ టైముకైనా. దానికి ముందూ వెనకా అనే పట్టింపు లేదు. అది వాడేటప్పుడు కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ అంకె కొంచెం పెరగవచ్చు, కాబట్టి తర్వాత ఎప్పుడు పరీక్ష చేయించినా వాడుతున్న సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

మీ అమ్మకి తెలియని భయం ఇంకోటుంది, అది నాది. ఒళ్లు నొప్పులని జిమ్ కుర్రాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మందుల షాపులో కొని వేసేసుకుంటారు. ఎండలో పరుగెత్తి, నీళ్లు సరిగ్గా తాగక, పైనుంచి ఈ మాత్రలు అంటే కిడ్నీకి ప్రోటీన్ కంటే చాలా ఎక్కువ చేటు. నువ్వు వేసుకుంటున్నావని రాయలేదు. వేసుకుంటూ ఉంటే ఈ రోజే ఆపు. జిమ్‌లో ఎవరైనా పేరూ లేబులూ లేని పొడి పొట్లం కట్టి ఇస్తే అదీ వద్దు.

నిద్ర. పదకొండుకి పడుకుని నాలుగున్నరకి లేస్తే ఐదున్నర గంటలు. ఇరవై ఏళ్లవాడికి అది చాలదు, కోలుకునే పని చాలావరకు అప్పుడే జరగాలి. రోజూ పరుగు, ఆరు రోజులు జిమ్ అక్కర్లేదు. జిమ్ నాలుగు రోజులు, పరుగు నాలుగు రోజులు చాలు. కాళ్ల వ్యాయామం చేసిన మర్నాడు పరుగు పెట్టుకోకు. పరుగు లేని రోజు ఆరున్నర దాకా పడుకో, అమ్మని లేపొద్దని చెప్పు.

ఇంత చేస్తే నెలకి అర కిలో నుంచి కిలో దాకా పెరగవచ్చు. అంతకంటే వేగంగా పెరిగితే ఎక్కువ భాగం కొవ్వే, పరుగుకి అడ్డం. కోచ్‌తో వాదన పెట్టుకోకు. బరువెత్తే పద్ధతి ఆయన దగ్గర నేర్చుకో, తిండి లెక్క ఇంట్లో చూసుకో.

టైము నిమిషాలతో సహా పట్టించుకోవాల్సిన రోజు ఒకటుంది, ర్యాలీ రోజు. రాత్రి నుంచే లైన్లో నిలబెట్టి తెల్లవారకుండానే పరుగు మొదలుపెడతారు. మీ బ్యాచ్ వంతు ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. ముందు రాత్రి అన్నం కడుపునిండా తిని బయల్దేరు, కొత్త హోటల్లో కొత్త కూర ప్రయోగాలు వద్దు. బ్యాగులో అరటిపళ్లు, బెల్లంతో కలిపిన అటుకులు, నీళ్ల సీసా. రెండు మూడు గంటలకోసారి కొంచెం అటుకులు తింటూ ఉండు. మీ వంతుకి ఇంకో అరగంట ఉందనిపించినప్పుడు ఒక అరటిపండు, రెండు గుక్కల నీళ్లు. పౌడర్ డబ్బా ఆ రోజు ఇంట్లోనే ఉండనీ. ఆ 1.6 కిలోమీటర్ల పరుగులో దాంతో పనేమీ లేదు, అలవాటు లేని వేళ పాలు పడితే కడుపు తిరగడం ఖాయం.